మంచుకి ఫ్లైట్ రద్దయితే కంగారులో రిఫండ్ నొక్కకండి

డిసెంబరు చివర్లో అమ్మానాన్నల్ని, ఇద్దరు పిల్లల్ని తీసుకుని జర్మనీ, ఆస్ట్రియా వెళ్తున్నామని, మంచు వల్ల తిరుగు ఫ్లైట్ ఆగిపోతే ఏం చేయాలని, ఎన్ని రోజులు అదనంగా చూసుకోవాలని అడిగారు. మాది విజయనగరం. మేమూ ఇలాగే పెద్దవాళ్లతో, పిల్లలతో క్రిస్మస్ సెలవులకి జర్మనీ వెళ్లి, బయల్దేరాల్సిన రోజుకి బయల్దేరలేక కొత్త సంవత్సరం అక్కడే చూశాం. తెలిసింది రాస్తాను.

ఫ్లైట్ రద్దయిందని ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. దాని కింద డబ్బు వాపసు కావాలా, వేరే ఫ్లైట్ కావాలా అని అడుగుతారు. రిఫండ్ జోలికి పోకండి. రిఫండ్ తీసుకున్న క్షణం నుంచి మిమ్మల్ని ఇంటికి చేర్చే బాధ్యత వాళ్ల మీద ఉండదు. హోటలూ భోజనమూ కూడా అక్కడితో సరి. లైన్లో మా పక్కన నిలబడ్డ ఒక తెలుగు అబ్బాయి రిఫండ్ నొక్కేసి, తర్వాత కొత్త టికెట్ ధర చూసి తల పట్టుకున్నాడు. ఆ వారంలో సీట్లు ఎలాగూ దొరకవు, దొరికినవి మనం కొనేలా ఉండవు.

వేరే ఫ్లైట్ కావాలని పెడితే మాత్రం యూరోపియన్ యూనియన్ రూలు మీ వైపు ఉంటుంది. 2004లో వచ్చిన 261 నంబరు రెగ్యులేషన్ అది. అక్కడి ఎయిర్‌పోర్ట్ నుంచి బయల్దేరే ఏ కంపెనీ విమానానికైనా వర్తిస్తుంది, మన ఎయిర్‌లైన్ అయినా, గల్ఫ్ ఎయిర్‌లైన్ అయినా. వేచి ఉన్నంతసేపూ తిండి, రాత్రి ఉండాల్సి వస్తే హోటల్, హోటల్‌కి రానూపోనూ బండి వాళ్లే చూడాలి. 600 యూరోల పరిహారం వస్తుందని ఇంటర్నెట్‌లో చదివి ఆశ పెట్టుకోకండి, ఎయిర్‌పోర్టే మంచులో ఆగిపోతే అది ఎయిర్‌లైన్ చేతుల్లో లేని కారణం కింద పోతుంది. కానీ హోటల్, భోజనం ఎగ్గొట్టడానికి మంచు సాకు కాదు. 2010లో ఐస్‌లాండ్ అగ్నిపర్వతం బూడిదకి విమానాలు ఆగిపోయిన కేసులో యూరప్ కోర్టు 2013లో ఈ మాట తేల్చి చెప్పింది.

రూలు ఉంది కదా అని హోటల్ గది తాళం తెచ్చి చేతిలో పెట్టరు. మా కౌంటర్ దగ్గర లైను ఎంతకీ కదల్లేదు. అంతమందికి ఇద్దరే ఉన్నారు. నాన్నకి మోకాళ్ల నొప్పి, కాసేపటికే కూలబడిపోయారు. చివరికి అక్కడి అమ్మాయి "హోటళ్లు నిండిపోయాయి, మీరే చూసుకుని బిల్లు పంపండి" అంది. ఆ మాట కాగితం మీదో, మెయిల్‌లోనో రాయించుకోండి. మా ఆవిడ ఆ అమ్మాయి దగ్గర ఫ్లైట్ రద్దయిందని, కారణం మంచు అని ఒక కాగితం తీసుకుంది. తర్వాత బిల్లుల దగ్గరా, ఇన్సూరెన్స్ దగ్గరా, ఆఫీసులో సెలవు పొడిగించుకోవడానికీ ఆ కాగితమే పనికొచ్చింది. హోటల్ మరీ ఖరీదైనది కాకుండా చూసుకోండి, న్యాయమైన ఖర్చే ఇస్తారు. మాకు కొన్ని వారాలకి డబ్బు వచ్చింది, ఒక్క టాక్సీ బిల్లు తప్ప.

లైన్లో ఒకరు నిలబడితే చాలు. ఇంకొకరు అదే సమయానికి ఎయిర్‌లైన్ యాప్‌లో వెతకాలి, ఇంకొకరు ఇండియా కాల్ సెంటర్‌కి ఫోన్ చేయాలి. మాకు సీట్లు దొరికింది ఫోన్‌లోనే, అదీ విజయనగరంలో ఉన్న మా బావమరిది ఇక్కడి నుంచి చేస్తే. బుకింగ్ నంబరు, అందరి పాస్‌పోర్టు ఫొటోలు ఇంట్లో ఒకరి దగ్గర పెట్టి వెళ్లండి.

మంచు ఆగగానే ఎగిరిపోతాం అనుకోకండి. మా అమ్మ కిటికీలోంచి చూసి "మంచు ఆగిపోనాది కదా, మరింకేటి?" అని అడుగుతూనే ఉంది. తిత్లీ తుఫాను వెళ్లిపోయాక కూడా మన పలాస వైపు కరెంటు ఎన్ని రోజులకి వచ్చిందో గుర్తుందా, ఇదీ అంతే. ముందు రన్‌వే ఊడ్చాలి. తర్వాత ఒక్కో విమానం రెక్కల మీద గడ్డకట్టిన మంచు కరిగేలా గ్లైకాల్ కలిపిన వేడి ద్రవం కొట్టాలి. రెక్క మీద పల్చటి మంచు పొర ఉన్నా గాలి పట్టు తప్పుతుంది, అందుకని అది వదిలేసి ఎగరరు. ఆ మందు పని చేసేది కాసేపే. టేకాఫ్ లైన్లో ఆలస్యమైతే మళ్లీ కొట్టించుకోవాలి. ఈలోగా పైలట్ల డ్యూటీ గంటలు అయిపోతాయి. విమానమూ ఉంటుంది, రన్‌వే కూడా ఉంటుంది, నడిపేవాళ్లు ఉండరు. మా వాడికి మాత్రం ఆ మందు కొట్టే బండ్లు చూడటమే ట్రిప్ మొత్తానికి పెద్ద సరదా.

ఇదేదో అరుదైన సంగతి కాదు. 2010 డిసెంబరులో లండన్ హీత్రో ఆగిపోయింది, 2023 డిసెంబరు 2న మ్యూనిక్ ఆగిపోయింది. మ్యూనిక్‌లో ఆ రోజు రైళ్లు కూడా తిరగలేదు, కాబట్టి రైల్లో వేరే ఊరెళ్లి ఎక్కుదాం అన్నది ప్రతిసారీ కుదిరే పని కాదు.

వేరే ఫ్లైట్ ఇస్తామన్నప్పుడు ఏ దారిలో అని అడగండి. మాకు మొదట లండన్ మీదుగా ఇచ్చారు. మన పాస్‌పోర్టుకి, అమెరికా వీసా లాంటిదేదీ లేకపోతే, అక్కడ విమానం మారడానికే ట్రాన్సిట్ వీసా కావాలి. చెక్-ఇన్ దగ్గర ఆపేసేవాళ్లు. కాదని దోహా మీదుగా అడిగాం, అక్కడ ఎయిర్‌పోర్టు దాటి బయటికి వెళ్లకపోతే వీసా అక్కర్లేదు. ఫ్లైట్ మారినప్పుడు నాన్నకి పెట్టిన వీల్‌ఛెయిర్ రిక్వెస్ట్ కొత్త టికెట్‌లోకి రాలేదు. మళ్లీ ఫోన్ చేసి పెట్టించాం.

వీసా సంగతి జాగ్రత్తగా చూడండి. స్టిక్కర్ మీద చివరి తేదీ ఒకటి, ఉండదగ్గ రోజుల సంఖ్య ఒకటి ఉంటాయి. చివరి తేదీలో సాధారణంగా పదిహేను రోజులు కలిపి ఇస్తారు గానీ ఆ రోజుల సంఖ్య అలాగే ఉంటుంది. అది దాటిపోయేలా ఉంటే అక్కడి విదేశీయుల ఆఫీసులో పొడిగింపు అడగాలి. మన చేతిలో లేని కారణమైతే ఫీజు తీసుకోరు. క్రిస్మస్‌కి ఆ ఆఫీసులు మూసి ఉంటాయి, అందుకని ముందే మెయిల్ పెట్టి దాని కాపీ దగ్గర ఉంచుకోండి. ఇంకో చిక్కు: మేము ఇమిగ్రేషన్ దాటి గేటు దగ్గర కూర్చున్నాక రద్దు చేశారు. మాది సింగిల్ ఎంట్రీ వీసా, అంటే ఒక్కసారే లోపలికి రానిస్తారు. పాస్‌పోర్టులో ఎగ్జిట్ స్టాంపు పడిపోయింది, మరి హోటల్‌కి మళ్లీ ఎలా వెళ్తాం? కాళ్లు వణికాయి. అక్కడి పోలీసు కౌంటర్‌లోనే ఆ ఎగ్జిట్ స్టాంపు రద్దు చేసి బయటికి పంపారు. 2025 అక్టోబరు నుంచి స్టాంపుల బదులు కంప్యూటర్‌లో ఎక్కించడం మొదలుపెట్టారు. మీకు అలా జరిగితే ఎగ్జిట్ రద్దు చేశారా అని అడిగి తెలుసుకుని మరీ కదలండి.

ఎన్ని రోజులు అదనంగా అంటే, సెలవు రెండు మూడు రోజులు ఎక్కువ పెట్టుకోండి, మందులు మాత్రం వారానికి పైగా. అవి చేతి బ్యాగులోనే ఉండాలి, ఎందుకంటే చెక్-ఇన్ చేసిన పెట్టెలు వెంటనే మన చేతికి రావు. బీపీ, షుగర్ మాత్రలు అక్కడ డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వరు. మన బ్రాండ్ పేరు చెప్తే వాళ్లకి అర్థం కాదు, టెల్మిసార్టన్, మెట్‌ఫార్మిన్ అని మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో ఇక్కడి డాక్టర్ చేత ఇంగ్లీషులో రాయించుకోండి. జర్మనీలో ఆదివారాలు, డిసెంబరు 25, 26 తేదీల్లో మామూలు షాపులు మూసేస్తారు. పెద్ద రైల్వే స్టేషన్లలో, ఎయిర్‌పోర్టుల్లో మాత్రం కొన్ని తెరిచి ఉంటాయి. అమ్మ తెచ్చిన అటుకులు, కందిపొడి హోటల్ కెటిల్‌లో కాచిన నీళ్లతో మా అందరినీ రెండు పూటలు గట్టెక్కించాయి. తడి పచ్చడి చేతి బ్యాగులో పెట్టకండి, సెక్యూరిటీలో తీసేస్తారు.

ఇన్సూరెన్స్‌లో వీసాకి అడిగే 30 వేల యూరోలు వైద్యానికే. ప్రయాణం ఆలస్యమైతే ఇచ్చేది వేరే కవర్, అది ఉందో లేదో, పాలసీ తేదీలు అప్పుడు పెరుగుతాయో లేదో కొనేటప్పుడే అడగండి.

అసలు డబ్బు పోయేది ఇక్కడికి వచ్చాకే. హైదరాబాద్ నుంచి వైజాగ్‌కి విడిగా టికెట్ కొంటే, జర్మనీలో మంచు పడిందంటే ఆ రెండో ఎయిర్‌లైన్‌కి సంబంధం ఉండదు. మాకు అలా టికెట్లన్నీ పోయాయి. వీలైతే వైజాగ్ దాకా ఒకే టికెట్ మీద తీసుకోండి, కాస్త ఎక్కువైనా సరే. ఆలస్యమై సంక్రాంతి దగ్గరపడితే ఇంక చెప్పక్కర్లేదు. ఫలక్‌నుమా, విశాఖ ఎక్స్‌ప్రెస్‌లలో వెయిటింగ్ లిస్టే, ప్రైవేటు బస్సుల ధరలు చూస్తే భయమేస్తుంది. మేము ఆర్టీసీ స్పెషల్ బస్సులో, నాన్నని ముందు సీట్లో కూర్చోబెట్టి వచ్చాం.

మీ వీసా సింగిల్ ఎంట్రీనా, మల్టిపులా, టికెట్ ఏ దారిలోనో రాయండి, చూసి చెప్తాను.