మా వారికి రేసు కారు పిచ్చి

ప్రశ్న: మాది హైదరాబాద్. మా వారికి 39 ఏళ్లు, ప్రైవేటు ఉద్యోగం. పాత మారుతీ 800 కొని, మా మామగారి ఇంటి వెనక షెడ్డులో రేసు కారుగా మారుస్తున్నారు. శని, ఆదివారాలు అక్కడే. ఈమధ్య రాత్రిపూట ఊరి బయట రోడ్డు మీద స్నేహితుడి కారుతో పోటీగా నడిపి చూశారట, పదేళ్ల మా బాబును పక్కన కూర్చోబెట్టుకుని! పైగా బాబు ఫీజుల కోసం వేసిన చిట్టీ నాకు చెప్పకుండా పాడుకుని, లక్షన్నర దీనికే పెట్టారు. అడిగితే "నాకున్నది ఈ ఒక్క సరదానే" అంటారు. కారో, మేమో తేల్చుకోమని చెప్పేద్దామనుకుంటున్నాను.
– ఒక సోదరి

జవాబు: ఆ మాట ఇప్పుడే అనకండమ్మా. మీ కోపం న్యాయమైనదే, కానీ అందులో కారు తప్పు తక్కువ.

చిన్న కారుతో రేసులాడటం మన దగ్గర కొత్తేమీ కాదు. కోయంబత్తూరుకు చెందిన కరివర్ధన్ ఒకప్పుడు ఈ మారుతీ 800 ఇంజన్‌తోనే 'ఫార్ములా మారుతీ' కార్లు తయారు చేశారు. 796 సీసీ, మూడు సిలిండర్లు, అంతే. తర్వాత ఫార్ములా వన్ దాకా వెళ్లిన నరైన్ కార్తికేయన్ కూడా మొదట్లో వాటిని నడిపినవాడే. రోజంతా ఆఫీసులో ఎవరో చెప్పిన పని చేసే మనిషికి, తన చేత్తో విప్పి బిగించిన ఇంజన్ స్టార్టయితే ఆ సంబరమే వేరు. దాన్ని లాక్కోకండి.

రోడ్డు మీద పోటీలు మాత్రం ఇవాళే ఆగాలి. దీంట్లో సర్దుబాటు లేదు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద అది జైలుకు వెళ్లే నేరం. మామూలు కారు పాలసీ రేసింగ్‌కు వర్తించదు కూడా. ఇంకో సంగతి. రేసు కారు లోపల ఇనుప పైపులతో రోల్ కేజ్ బిగిస్తారు. హెల్మెట్ పెట్టుకుని, బెల్టులతో సీటుకు కదలకుండా కట్టుకున్నవాడికే అది రక్షణ. హెల్మెట్ లేకపోతే, కారు దేనికైనా గుద్దుకున్నప్పుడు పిల్లాడి తల తగిలేది ఆ పైపుకే. షెడ్డులో బాబు స్పానర్లు అందించనీయండి, కారు కదిలేటప్పుడు మాత్రం అందులో ఎక్కనివ్వకండి.

ఆయన నడిపి తీరాలంటే కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఇంకో ట్రాక్ ఉంది. కారును బండి మీద ఎక్కించి తీసుకెళ్లాలి. పోటీలకు విడిగా రేసింగ్ లైసెన్సు కావాలి. కారును, హెల్మెట్‌ను, బెల్టులను తనిఖీ చేశాకే ట్రాక్ మీదికి వదులుతారు. షెడ్డులో చేసిన వెల్డింగ్ ఏపాటిదో అక్కడ తేలిపోతుంది. మీకు కావలసిందీ అదే.

ఇక చిట్టీ. నా దృష్టిలో అసలు దెబ్బ ఇక్కడే తగిలింది. పాడుకున్నాక కూడా వాయిదాలు కట్టాల్సిందే కదా, అవి ఎవరి జీతంలోంచి పోతున్నాయో అడిగారా? ఒక ఆదివారం బాబు లేకుండా చూసి, కాగితం మీద లెక్క రాయించండి. ఇప్పటిదాకా అయింది, ఇకపై టైర్లకు, రవాణాకు, ఎంట్రీ ఫీజుకు, రేసింగ్ సూట్‌కు అయ్యేది, అన్నీ. ఫీజు డబ్బు వెనక్కి వచ్చేదాకా కారుకు కొత్త ఖర్చు వద్దని చెప్పండి. ఆ తర్వాత నెలకింత అని ఇద్దరూ అనుకుని, అంతలోనే ఆడుకోమనండి. మొదట్లోనే మీతో చెప్తే ఎగతాళి చేస్తారని భయపడ్డారేమో, అదీ అడగండి. అలాగని చేసింది ఒప్పయిపోదు.

లెక్క రాయనన్నా, బాబును మళ్లీ ఎక్కించుకుని తిరిగినా, అప్పుడు మామగారిని కూర్చోబెట్టండి. షెడ్డు ఆయనది, తాళం వేయాలన్నా ఆయనే వేయాలి.