సగటు చూసి మురిసిపోకు

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం.

చిరంజీవి మేనకోడలికి,

మీ ఇంజినీరింగ్ కాలేజీ డిపార్ట్‌మెంట్‌లో కరిక్యులమ్ ఫీడ్‌బ్యాక్, అంటే సిలబస్ మీద పిల్లల అభిప్రాయాలు సేకరించే పని నీ నెత్తిన పెట్టారని మీ అమ్మ చెప్పింది. కొత్తగా చేరినవాళ్లకి ఇలాంటివే వస్తాయిలే. నువ్వు పంపిన ఫామ్ చూశాను. 28 ప్రశ్నలున్నాయి, ఒక్కోదానికి 1 (అస్సలు కాదు) నుంచి 5 (పూర్తిగా అవును) దాకా అంకె వెయ్యాలి. ఓ పన్నెండు ఉంచి మిగతావి కొట్టెయ్. ప్రశ్నలు ఎక్కువైతే పిల్లలు చదవడం మానేసి వేలు ఆడిస్తారు, పైనుంచి కిందదాకా ఒకటే అంకె. మధ్యలో ఒక ప్రశ్న తిరగేసి అడుగు: "ఈ సబ్జెక్టులో పాత పాఠాలే మళ్లీ చెప్పారు" అని. మిగతా అన్నిటితో పాటు దానికీ 5 నొక్కినవాడు ఫామ్ చదవలేదన్నమాట. అలాంటివి విడిగా తీసి పెట్టుకో.

నీ మొదటి ప్రశ్న "సిలబస్ సమగ్రంగా, ఆసక్తికరంగా, పరిశ్రమ అవసరాలకు తగ్గట్టుగా ఉందా?" ఒక్క వాక్యంలో మూడు ప్రశ్నలు కుక్కావు. 3 వేసినవాడు దేనికి వేసినట్టు? పైగా నాలుగో సెమిస్టర్ కుర్రాడికి పరిశ్రమ అవసరాలు ఎలా తెలుస్తాయి? వాడు కళ్లారా చూసినదే అడుగు. ఏ యూనిట్ దగ్గర ఆగిపోయాడు, థియరీ చెప్పకముందే ఏ ల్యాబ్ ప్రయోగం చేయించారు, ఒకే పాఠం ఏ రెండు సబ్జెక్టుల్లో విన్నాడు, క్లాసు కాక వారానికి ఎన్ని గంటలు కూర్చోవాల్సి వచ్చింది. నెట్‌వర్క్స్ (విద్యుత్ సర్క్యూట్ల సబ్జెక్టు)లో ట్రాన్సియెంట్స్ పాఠానికి మ్యాథ్స్‌లోని లాప్లేస్ పద్ధతి కావాలి కాబట్టి ఇలా అడుగు: "నెట్‌వర్క్స్‌లో ట్రాన్సియెంట్స్ మొదలయ్యేసరికి మ్యాథ్స్‌లో లాప్లేస్ అయిపోయిందా? అయింది, సగమే అయింది, కాలేదు." ఇలా అడిగితే వచ్చిన జవాబుతో పని జరుగుతుంది. మాస్టారి గొంతు, బోర్డు మీద రాత, సమయానికి రావడం ఈ ఫామ్‌లో పెట్టనే పెట్టకు. మాస్టారు నచ్చితే సిలబస్‌కీ 5 పడుతుంది, నచ్చకపోతే దానికీ 2 పడుతుంది.

ఒక సబ్జెక్టు ఉండాలా, తీసెయ్యాలా అన్న తీర్పు పిల్లల ఓటుకి వదలకు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద చూపున్న మెకానికల్ ఫైనలియర్ కుర్రాడు ఫ్లూయిడ్ మెకానిక్స్ తీసేసి పైథాన్ పెట్టమంటాడు, వాడి లెక్క వాడిది. షిప్‌యార్డులోనో, రిఫైనరీలోనో రెండు మూడేళ్లు పనిచేసిన పాత విద్యార్థిని అడిగితే ఇంకోలా చెప్పొచ్చు. ఇద్దరినీ అడుగు, జవాబులు మాత్రం కలిపెయ్యకు.

ఇక సగటు సంగతి. నీ సెక్షన్‌లో 60 మంది రెగ్యులర్, డిప్లొమా చదివి, ఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి నేరుగా రెండో ఏడాదిలోకి వచ్చినవాళ్లు (లాటరల్ పిల్లలు) ఆరుగురు అనుకో. "ఈ సబ్జెక్టుకి కావాల్సిన లెక్కలు ముందే వచ్చు" అన్న వాక్యానికి అరవైమందీ 4 వేశారు, ఆరుగురూ 1 వేశారు. మొత్తం 246, భాగిస్తే సగటు 3.7. రిపోర్టులో "సంతృప్తికరం" అని రాసేసి సంతకం పెట్టేస్తారు. మొదటి ఏడాది మ్యాథ్స్ మీ కాలేజీలో చదవని ఆ ఆరుగురూ మునిగిపోతున్న సంగతి ఆ అంకెలో ఎక్కడా కనబడదు. అందుకే సగటుతో పాటు 1 ఎందరు, 2 ఎందరు, 5 ఎందరు అని విడివిడిగా పట్టిక వెయ్యి. రెగ్యులర్, లాటరల్ వేరుగా చూడు. ఫామ్‌లో రోల్ నంబర్ అడగకు, ఎలా చేరారన్నది ఒక్కటి అడిగితే చాలు. అయితే ఆరుగురే కాబట్టి వాళ్లు రాసిన మాటలు యథాతథంగా బయటపెడితే ఎవరు రాశారో ఇట్టే తెలిసిపోతుంది. సారాంశం నీ మాటల్లో రాయి. ఇంకా మంచిది, వేరే డిపార్ట్‌మెంట్ మనిషిని పంపి ఆ ఆరుగురితో ఓ నలభై నిమిషాలు తెలుగులో మాట్లాడించు. ఇంగ్లిష్‌లో రాయమంటే "గుడ్" అని ఊరుకునే పిల్లలే నోరు విప్పితే ఏ యూనిట్‌లో ఏ లెక్క దగ్గర చిక్కుకున్నారో చెబుతారు.

హాల్‌టికెట్ కావాలంటే ఫామ్ నింపాలి అనే షరతు మాత్రం వద్దు. నూటికి నూరూ వస్తాయి, అన్నీ అయిదులే వస్తాయి. రెండో మిడ్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష) అయ్యాక ఒక క్లాసులో పది నిమిషాలు తీసుకుని, మాస్టారు బయటికి వెళ్లాక ఫోన్లలో నింపించు. మూడింట రెండు వంతులు నిజాయితీగా వస్తే చాలు. దీనికి ముందు, ఆరో వారంలో మూడే ప్రశ్నలతో చిన్నది ఒకటి పెడితే ఆ సెమిస్టర్‌లోనే సర్దుకోవచ్చు. అన్నిటికన్నా పనికొచ్చేది ఆలస్యంగా అడిగేది: నాలుగో సెమిస్టర్ సబ్జెక్టు గురించి అయిదో సెమిస్టర్ మధ్యలో అడుగు. ఏది అక్కరకొచ్చిందో, ఏది లేక ఇబ్బంది పడ్డారో అప్పుడే తెలుస్తుంది.

పిల్లలు చెప్పింది విని నేరుగా సిలబస్ మీద పడకు. "నాలుగో యూనిట్ అర్థం కాలేదు" అన్నారనుకో, ముందు మిడ్ పేపర్లలో ఆ ప్రశ్న ఎందరు వదిలేశారో ప్రశ్నవారీ మార్కుల్లో చూడు. తర్వాత టీచింగ్ డైరీ తిరగెయ్. ఆ యూనిట్‌కి ప్లాన్‌లో పది గంటలుండి చివరి వారంలో నాలుగు గంటల్లో లాగించేసి ఉంటే తప్పు సిలబస్‌ది కాదు. గంటలన్నీ సరిగ్గా జరిగీ అందరూ వదిలేస్తే అప్పుడు పాఠంలోనో, దానికి ముందుండాల్సిన లెక్కల్లోనో లోటుంది. కోర్స్ అవుట్‌కమ్ (సబ్జెక్టు అయ్యాక పిల్లలకి ఏం చేతనవ్వాలో) లెక్కల్లో ఎగ్జిట్ సర్వేకి, అంటే చివర్లో పిల్లలే తమకెంత వచ్చిందో చెప్పుకునే ఫామ్‌కి చాలాచోట్ల 20 శాతం వెయిటేజీ ఇస్తారు, మిగతాది పరీక్షలదే. "నేను చేయగలను" అని టిక్కు పెట్టడం వేరు, చేసి చూపించడం వేరు కదా.

మీది అఫిలియేటెడ్ కాలేజీ అయితే యూనివర్సిటీ సిలబస్‌లో అక్షరం కూడా మార్చలేరు. కానీ ల్యాబ్ వరస, మ్యాథ్స్ మాస్టారితో మాట్లాడి లాప్లేస్ ముందుకు జరపడం, లాటరల్ పిల్లలకి ఆ లోటు పూడ్చే పది గంటల బ్రిడ్జి క్లాసులు మీ చేతిలోవే. సొంతంగా సిలబస్ వేసుకునే అటానమస్ కాలేజీ అయితే, దాన్ని ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కి నెల ముందే కాగితం పంపు. అందులో బయటి నిపుణులు, పరిశ్రమ మనిషి, పూర్వ విద్యార్థి ఉంటారు. వాళ్ల ముందు ముప్ఫై పేజీల గ్రాఫులు పెడితే టీ తాగి లేచిపోతారు. ఒక్క పేజీ పెట్టు: ఏ లోటు, ఏ ఆధారం, ఏ మార్పు, దానికి ఎన్ని గంటలు, ఆ గంటలు ఎక్కడినుంచి తీస్తారు. చివరిది రాయకపోతే ప్రతి మార్పూ సిలబస్‌ని లావు చేస్తుంది, వచ్చే ఏడాది పిల్లలు మళ్లీ "సిలబస్ ఎక్కువ" అనే రాస్తారు.

కాలేజీలను మదింపు చేసే న్యాక్ వాళ్లు అడిగే యాక్షన్ టేకెన్ రిపోర్టు (ఫీడ్‌బ్యాక్ మీద ఏం చేశారన్న నివేదిక) ఎలాగూ రాస్తావు. దానికన్నా ముందు నోటీసు బోర్డులో తెలుగులో అరపేజీ అంటించు: మీరు చెప్పింది ఇది, మేం చేసింది ఇది, ఇది చెయ్యలేకపోయాం, ఎందుకంటే ఇది. వచ్చే సెమిస్టర్ ఫామ్ పంచే రోజుకి అది బోర్డు మీదే ఉండేలా చూసుకో.

మార్చిన ఫామ్ ఆదివారం లోపు పంపితే చూసి పెడతాను.

నీ మావయ్య