నివాళి బతికున్నవారికి ఇవ్వకూడదా?

సందేహం: మా ఊరి హైస్కూల్లో తెలుగు చెప్పిన మాస్టారికి 80 ఏళ్ళు నిండాయని పాత విద్యార్థులమంతా కలిసి ఒక సంచిక వేశాం. 'అక్షర నివాళి' అని పేరు పెట్టాం. అట్ట చూడగానే మాస్టారి ఇంట్లోవాళ్ళు నొచ్చుకున్నారు. నిఘంటువు తీస్తే నివాళి అంటే హారతి అనే ఉంది. పొరపాటు ఎవరిది? పోయినవారిని కొనియాడుతూ మాట్లాడే మాటలను నివాళి అనడం అసలు సరైనదేనా?
— ఒక పాఠకుడు

సమాధానం: నిఘంటువు ప్రకారం మీరు చేసిందాంట్లో తప్పు లేదు. అయినా ఆ ఇంట్లోవాళ్ళు నొచ్చుకోవడంలోనూ తప్పు లేదు. అట్ట వేసేముందు ఇంట్లో పెద్దావిడ ఎవరికైనా ఒకసారి చూపించి ఉంటే సరిపోయేది.

నివాళి అంటే నిజంగా హారతే. కొత్త కోడలు గుమ్మంలో అడుగుపెట్టబోతుంటే ఆపి, ఎర్రనీళ్ళు తిప్పి, కర్పూరం వెలిగించి దిష్టి తీస్తారే, అది నివాళించడం. దేవుడికీ ఇస్తారు, పెళ్ళిపీటల మీది వధూవరులకూ ఇస్తారు. నిండు నూరేళ్ళు ఉండమని కోరుతూ ఇచ్చేదే తప్ప చావుతో దానికి చుట్టరికం లేదు. దీనికి సంస్కృతంలో సాటిమాట నీరాజనం. రాజులు దండయాత్రకు ముందు గుర్రాలకూ ఆయుధాలకూ జరిపించిన శాంతికర్మకు కూడా అదే పేరు. విచిత్రమేమిటంటే రెండు మాటలకూ అర్థం ఒకటే అయినా మన పత్రికలు వాటిని చెరో దిక్కుకూ పంచేశాయి. నాయకుడు రోడ్ షోకి వస్తే జనం 'నీరాజనాలు పడతారు'. ఆయనే పోతే 'నివాళులు అర్పిస్తారు'.

ఈ పంపకం ఎలా జరిగిందన్నదానికి నాకొక అనుమానం ఉంది. సంస్కృతంలో నివాపం అని ఒక మాట ఉంది. 'పితృదానం నివాపః స్యాత్', పితృదేవతలకు ఇచ్చేది నివాపం అన్నాడు అమరకోశంలో అమరసింహుడు. పితృదేవతలకు దోసిలితో వదిలే నీళ్ళు నివాపాంజలి. సంతాప పద్యాల పైన ఈ మాట శీర్షికగా కనిపించేది. నివాపాంజలి, నివాళి: చెవికి ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. నోరు తిరగని మొదటి మాట చేసే పని, తేలికైన రెండో మాట మీద పడి ఉండవచ్చు. ఇది ఊహ మాత్రమే, వ్యుత్పత్తి అని రాసుకోకండి.

నివాపం పేరెత్తాను కాబట్టి కాళిదాసును తలచుకోకుండా ముందుకు పోలేను. రఘువంశంలో భార్య ఇందుమతి పోయి అజమహారాజు కుమిలిపోతుంటే వసిష్ఠుడు శిష్యుడి చేత కబురు పంపుతాడు: దుఃఖం మాని నివాపదానాలతో నీ ఇల్లాలిని అనుగ్రహించు, 'స్వజనాశ్రు కిలాతిసంతతం దహతి ప్రేతమితి ప్రచక్షతే'. అయినవాళ్ళు ఎడతెగకుండా కార్చే కన్నీరు పోయినవారిని దహిస్తుందంటారు అని. 'అశ్రునివాళి' అని ఫ్లెక్సీలు కొట్టించేవాళ్ళు ఈ శ్లోకం చదవాలి. అయినా కన్నీళ్ళతో హారతి పడితే వత్తి ఆరిపోదూ? 'ఘన నివాళి' మరీ ఘోరం. హారతిలో ఘనమేమిటి, ద్రవమేమిటి?

మాట ఇలా గట్టు దాటడం ఇదొక్కటే కాదు. వర్ధంతిలో ఉన్నది వృద్ధి. కన్నడదేశంలో ఇప్పటికీ పీఠాధిపతుల పుట్టినరోజును వర్ధంతి అనే జరుపుతారు. శృంగేరిలో ఆ మాట చూసి మన తెలుగు యాత్రికుడు టెన్షన్ పడితే ఆ తప్పు శృంగేరిది కాదు.

ఇక మీ రెండో ప్రశ్న. పోయినవారిని పొగడడానికి నివాళి సరిపోతుందా అన్నారు. నన్నడిగితే మాట సంగతి తర్వాత, ముందు పొగడడం తెలియాలి. తనను పోషించినవారంతా పోయాక శ్రీనాథుడు చెప్పినదిగా చెప్పుకునే చాటువు చూడండి:

కాశికావిశ్వేశు గలసె వీరారెడ్డి
రత్నాంబరంబు లే రాయడిచ్చు
రంభ గూడె తెనుంగు రాయరాహుత్తుండు
కస్తూరి కే రాజు ప్రస్తుతింతు

ఈ సీసంలోనే మైలారు విభుడు కైలాసానికి 'ఏగె', ఇక దినవెచ్చం తీర్చేదెవరు? విస్సనమంత్రి 'స్వర్గస్థుడయ్యె', ఇక బంగారు పళ్ళెంలో అన్నం ఎవరి పంక్తిన దొరుకుతుంది? సీసం చివర వచ్చే ఎత్తుగీతిలో భాస్కరుడు ముందే 'దేవుని పాలికేగె'. అయిదుగురు పోయారు, చచ్చిపోయాడన్న మాట ఒక్కటీ లేదు. పైగా ఎవరికి తగిన పోక వారికి ఇచ్చాడు. రాహుత్తంటే గుర్రమెక్కి పోరాడే యోధుడు. వీరుణ్ణి అప్సరస వరిస్తుంది కాబట్టి అతడు రంభను కూడాడు. వీరారెడ్డి విశ్వేశ్వరుడిలో కలిశాడు. మనకో, గాయకుడైనా గుమాస్తా అయినా అందరూ 'అనంతలోకాలకు' వెళ్ళాల్సిందే.

అంతకంటే నాకు నచ్చేది ఆ ప్రశ్నలు. ఇప్పటి సంతాపసభల్లో మూడో వక్త లేవకముందే 'ఆయన మరణం తీరని లోటు' వచ్చేస్తుంది. ఏం లోటు? శ్రీనాథుడు లెక్క చెప్పాడు: బట్ట, రోజువారీ ఖర్చు, కస్తూరి, భోజనం. గొంతెమ్మ కోరికల్లా కనిపించవచ్చుగానీ ఆ నలుగురూ ఎలాంటి దాతలో ఆ నాలుగు వస్తువుల్లోనే తెలిసిపోతుంది. 'మహాదాత', 'మహానుభావుడు' అన్న మాటల్లేవు. చివరికి తన చావు వార్తకూడా తానే వేసుకున్నాడు, అదీ స్వర్గంలోని కవులను బెదరగొడుతూ:

దివిజకవివరు గుండియల్ దిగ్గురనగ
నరుగుచున్నాడు శ్రీనాథు డమరపురికి

కృష్ణరాయలు పోయాక పెద్దన చెప్పాడనే 'ఎదురైనచో తన మదకరీంద్రము నిల్పి' పద్యమూ ఇదే దారి. ఏనుగును ఆపి చేయందించి ఎక్కించుకోవడం, పల్లకీని తన చేత్తో ఎత్తడం, గండపెండేరం తానే తొడగడం, అన్నీ పనులే. విశేషణాలతో నింపిన సంతాప తీర్మానాలు రాసేవారు ఈ రెండు పద్యాలూ కంఠస్థం చేసి కలం పడితే ఎంతో మేలు.

నివాళి అసలు ప్రసంగం కాదు, గౌరవంతో చేసే ఒక క్రియ. ఫొటో ముందు దీపం పెడితే నివాళి అనండి. మాట్లాడినదాన్ని సంస్మరణ అంటే నాకు తృప్తిగా ఉంటుంది. కానీ లోకం ప్రసంగాన్నీ వ్యాసాన్నీ నివాళి అనడానికి అలవాటుపడిపోయింది. ఇప్పుడు దాన్ని తప్పని కొట్టేయలేను. శ్రద్ధాంజలి అనడానికీ అభ్యంతరం లేదు, శ్రద్ధ ఉంటే. సంతాపం మాత్రం మన బాధ. దాన్ని ఆ ఇంటివారికి తెలపాలిగానీ పోయినవారికి 'అర్పించ'కూడదు.

మీ సంచిక మాటకొస్తే, 'అక్షర నీరాజనం' అని అట్ట మార్చి మళ్ళీ ఇవ్వండి. అర్థం ఇసుమంతైనా మారదు. మాస్టారు తెలుగు పండితులు కాబట్టి మొదటి పేరుకు ఆయన లోలోపల నవ్వుకునే ఉంటారని నా నమ్మకం. అయినా ఇంట్లోవాళ్ళ మాట కాదని వాదనకు దిగకండి.