అంబులెన్స్ ఉద్యోగానికి డిగ్రీ ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పాసైంది. నీట్‌లో మంచి ర్యాంకు రాలేదు. ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజీలో బీఎస్సీ చేస్తానంటోంది. ‘అంబులెన్స్‌లో తిరగడానికి డిగ్రీ ఎందుకు?’ అంటున్నారు చుట్టాలు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, పాకాల

జవాబు: అమ్మాయికి ఇష్టమైతే తప్పకుండా చేర్పించండి. మీ చుట్టాల మాట మాత్రం పట్టించుకోకండి.

భాకరాపేట ఘాట్‌లో ఓ కుర్రాడు బైక్ మీంచి పడి తొడ ఎముక విరిగిందనుకోండి. పైకి చిన్న దెబ్బలాగే ఉంటుంది, లోపల మాత్రం లీటరు రక్తం పోవచ్చు. కాలు కదలకుండా కట్టు కట్టడం, మెడ నిలిపి ఉంచడం, రక్తస్రావం ఆపే ట్రనెక్సమిక్ యాసిడ్ మూడు గంటల్లోపే పడేలా చూడటం, బీపీ ఎంతుందో ఆసుపత్రికి ముందే ఫోన్‌లో చెప్పడం... ఇవన్నీ దారిలోనే జరగాలి. అప్పుడే బండి చేరేసరికి రక్తం, ఆపరేషన్ థియేటర్ సిద్ధంగా ఉంటాయి. తలకు దెబ్బ తగిలిందా? సీటీ స్కాన్, న్యూరో సర్జన్ ఉన్నచోటికే తీసుకెళ్లాలి. ఆ నిర్ణయం తప్పితే ఆసుపత్రులు మారడంలోనే సమయమంతా పోతుంది.

తిరుపతిలో రుయా, స్విమ్స్, ఎముకలకు బర్డ్ ఉన్నాయి. కానీ పెద్దాసుపత్రులు ఉన్నంతమాత్రాన సరిపోదు, రోడ్డు మీద మొదలైన వైద్యం ఫిజియోథెరపీ దాకా తెగకుండా సాగాలి. అమెరికాలో 2006లో వెలువడిన ఓ పెద్ద అధ్యయనం ప్రకారం, ట్రామా సెంటర్లలో (తీవ్ర గాయాల చికిత్సకు ప్రత్యేక ఏర్పాట్లున్న ఆసుపత్రుల్లో) చికిత్స పొందినవాళ్లకు, మిగతా ఆసుపత్రుల్లో చేరినవాళ్లకంటే ఏడాదిలోపు ప్రాణాపాయం 25 శాతం తక్కువ. బతకడమే కాదు, సంపాదించే మనిషి మళ్లీ పనిలోకి వెళ్తే ఇల్లు అప్పుల పాలు కాదు. ఏ మలుపులో ఎన్ని ప్రమాదాలో ఆసుపత్రి రికార్డులు చెబుతాయి, దాన్నిబట్టి ఆ రోడ్డు బాగుచేయొచ్చు. పొలంలో పాము కరిచినా, రాత్రిపూట గుండెపోటు వచ్చినా ఆదుకునేది ఈ ఏర్పాటే.

కష్టాలూ చెప్పాలి. నైట్ డ్యూటీలు తప్పవు, మొదట్లో జీతం తక్కువ. రక్తం చూస్తే అమ్మాయికి కళ్లు తిరుగుతాయేమో ఇప్పుడే అడగండి. అలాగైతే ఫిజియోథెరపీ చూడొచ్చు, అదీ ఈ వైద్యంలో భాగమే. ఇలాంటి కోర్సుల ప్రమాణాల కోసం 2021లో జాతీయ కమిషన్ చట్టం వచ్చింది కాబట్టి కాలేజీకి గుర్తింపు ఉందో లేదో తప్పక చూసుకోండి. సీనియర్ విద్యార్థులతో మాట్లాడి, రద్దీగా ఉండే క్యాజువాలిటీలో డ్యూటీ వేస్తున్నారా, అంబులెన్స్‌లో ఇంటర్న్‌షిప్ నిజంగా చేయిస్తున్నారా కనుక్కోండి. ఆ రెండూ లేని కాలేజీకి ఫీజు కట్టొద్దు.