ఐదు వారాల ఆల్జీబ్రా కోర్సుకు లక్షా పది వేలు కట్టవచ్చునా?

ప్రశ్న: మాది కందుకూరు దగ్గర పల్లె. రెండు బ్యారన్ల (ఆకును వేడితో ఆరబెట్టే గదుల) పొగాకు సాగు చేస్తున్నాం. మా అమ్మాయి బైపీసీతో ఇంటర్ పూర్తి చేసింది. అమెరికాలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ప్రజారోగ్యం డిగ్రీకి సీటు వచ్చింది, ఆగస్టులో చేరాలి. ఆ డిగ్రీలో కాలేజీ ఆల్జీబ్రా అయ్యాకే స్టాటిస్టిక్స్ చదవనిస్తారట. ఇక్కడి నుంచే మరో అమెరికా కాలేజీ వారి ఐదు వారాల ఆన్‌లైన్ ఆల్జీబ్రా కోర్సు పూర్తి చేస్తే మూడు లక్షలు మిగులుతాయని, అందుకు 1,10,000 రూపాయలు కట్టమని కన్సల్టెన్సీ వారు అంటున్నారు. వారిచ్చిన కాగితం జతచేశాను. మాకు నాలుగు లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, ఇంట్లో కొంత బంగారం ఉన్నాయి. పొగాకు వేలం డబ్బు ఇంకా పూర్తిగా చేతికి రాలేదు. డిపాజిట్ తీయమంటారా, బంగారం కుదువ పెట్టమంటారా?

జవాబు: రెండూ వద్దు. ఆ 1,10,000 రూపాయలు ఇప్పుడు కట్టవద్దు. తక్కువ వారాల్లో ముగిసే ఆన్‌లైన్ కోర్సులు చెడ్డవని కాదు. అవి కొందరికి ఎంతో మేలు చేస్తాయి. కానీ మీకు చెప్పిన మూడు లక్షల ఆదా మీ అమ్మాయి విషయంలో నిజమవుతుందని ఆ కాగితంలో ఎక్కడా రుజువు లేదు.

ముందుగా ఆ మూడు లక్షల లెక్క ఎలా వచ్చిందో చూద్దాం. కాలేజీ ఆల్జీబ్రా సాధారణంగా మూడు క్రెడిట్ల (డిగ్రీకి చదువును లెక్కించే కొలమానం) కోర్సు. మీ అమ్మాయి చేరబోయే విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థికి ఒక్కో క్రెడిట్ 1,100 డాలర్లని మీ కాగితంలో రాశారు కనుక, డాలరును 90 రూపాయలుగా తీసుకుంటే మూడు క్రెడిట్లకు 2,97,000 రూపాయలు అవుతుంది. దానినే వారు మూడు లక్షల ఆదా అని చెప్పారు. అయితే అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు పూర్తికాలపు విద్యార్థి నుంచి క్రెడిట్ల వారీగా కాకుండా సెమిస్టరుకు ఇంత అని ఒకే రుసుము వసూలు చేస్తాయి. పన్నెండు క్రెడిట్లు చదివినా పదిహేను చదివినా ఆ రుసుము మారదు. అటువంటి చోట ఒక కోర్సును ముందే ముగించుకుని వెళ్లినందువల్ల ఆ సెమిస్టరు బిల్లులో ఒక్క రూపాయి తగ్గదు. పైగా ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వెళ్లిన డిగ్రీ విద్యార్థి ప్రతి సెమిస్టరూ కనీసం 12 క్రెడిట్లు చదివి తీరాలి కాబట్టి, ఆల్జీబ్రా తప్పినంత మాత్రాన ఆ ఖాళీని అలాగే వదిలేయడం కూడా అన్ని వేళలా కుదరదు. డిగ్రీ మొత్తం 120 క్రెడిట్లు అనుకుంటే మిగిలే 117 క్రెడిట్లకు సెమిస్టరుకు పదిహేను చొప్పున చదివినా ఎనిమిది సెమిస్టర్లే పడతాయి. ఒక పూర్తి సెమిస్టరు తగ్గితే తప్ప ట్యూషన్‌లోగానీ, గది అద్దె, భోజనం, ఆరోగ్య బీమా వంటి ఖర్చుల్లోగానీ చెప్పుకోదగిన ఆదా ఉండదు.

క్రెడిట్ల వారీగా రుసుము తీసుకునే విశ్వవిద్యాలయమైతే ఆదా నిజమే. డిగ్రీ చివరికి వచ్చి ఈ ఒక్క కోర్సు మిగిలిపోయినందువల్ల మరో సెమిస్టరు ఉండవలసి వచ్చిన విద్యార్థికి కూడా ఇటువంటి కోర్సు లక్షల రూపాయలు మిగులుస్తుంది. మీ అమ్మాయి ఇంకా మొదటి సెమిస్టరే మొదలుపెట్టలేదు.

రెండవ విషయం, ఒక కాలేజీలో సంపాదించిన క్రెడిట్‌ను మరో విశ్వవిద్యాలయం ఒప్పుకోవడం. ఇచ్చే కాలేజీకి గుర్తింపు ఉన్నంత మాత్రాన, లేదా ఆ కోర్సుకు క్రెడిట్ ఇవ్వవచ్చునని అక్కడి విద్యాసంస్థల సంఘమైన అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ సిఫార్సు చేసినంత మాత్రాన సరిపోదు, తుది నిర్ణయం మీ అమ్మాయి చేరబోయే విశ్వవిద్యాలయానిదే. ఇక్కడ చాలా కుటుంబాలు గమనించని ఒక చిక్కు ఉంది. విశ్వవిద్యాలయం ఆ మూడు క్రెడిట్లను అంగీకరిస్తూనే, వాటిని తప్పనిసరి గణిత కోర్సుకు బదులుగా కాకుండా ఏదో ఒక ఐచ్ఛిక కోర్సుగా మాత్రమే లెక్కించవచ్చు. అప్పుడు క్రెడిట్ వచ్చినట్టే ఉంటుంది కానీ స్టాటిస్టిక్స్‌కు దారి తెరుచుకోదు, అమ్మాయి అక్కడికి వెళ్లాక ఆల్జీబ్రా మళ్లీ చదవవలసి వస్తుంది. అందువల్ల రూపాయి కట్టకముందే అమ్మాయి తన పేరుతో విశ్వవిద్యాలయపు రిజిస్ట్రార్ కార్యాలయానికి, తన విద్యా సలహాదారుకు ఈమెయిల్ రాయాలి. ఫలానా కాలేజీలో ఫలానా కోర్సు సంఖ్య మీ ఏ కోర్సుకు సమానం, ఎంత గ్రేడు రావాలి, అది స్టాటిస్టిక్స్‌కు అర్హతగా పనికివస్తుందా, సెమిస్టరు రుసుము క్రెడిట్ల వారీదా లేక ఏకమొత్తమా అని అడగాలి. సాధారణంగా సి గ్రేడుకు తగ్గితే బదిలీ ఉండదు. ఈ ప్రశ్నలకు కన్సల్టెన్సీ వారు నోటితో చెప్పే జవాబును లెక్కలోకి తీసుకోవద్దు, విశ్వవిద్యాలయం రాతపూర్వకంగా ఇచ్చే జవాబు మాత్రమే మీకు రక్ష.

ఇక అమ్మాయి చదువు సంగతి. ఈ నిర్ణయంలో అన్నిటికంటే బరువైనది ఇదేనని నా అభిప్రాయం. అమెరికా లెక్కలో ఒక క్రెడిట్ అంటే సుమారు పదిహేను వారాల పాటు వారానికి ఒక గంట పాఠం, దానికి తోడు కనీసం రెండు గంటల స్వంత చదువు. మూడు క్రెడిట్లకు కలిపి దాదాపు 135 గంటలు. మామూలు సెమిస్టరులో అది వారానికి తొమ్మిది గంటలు. ఎనిమిది వారాల కోర్సులో దాదాపు పదిహేడు గంటలు, ఐదు వారాల కోర్సులో ఇరవై ఏడు గంటలు. వేగంగా జరిగే కోర్సులో పాఠం తగ్గదు, కాలం మాత్రమే తగ్గుతుంది. బ్యారన్‌లో ఆకు క్యూరింగ్ చేసేటప్పుడు వేడిని తొందరపడి పెంచితే ఆకు రంగు ఎలా చెడుతుందో మీకు నేను చెప్పనవసరం లేదు.

మీ అమ్మాయి బైపీసీ కాబట్టి గణితం వదిలి రెండేళ్లు దాటింది. అయినా భయపడవలసిన పని లేదు. కాలేజీ ఆల్జీబ్రాలో సమీకరణాలు, ప్రమేయాలు, బహుపదులు, ఘాతాంక, సంవర్గమాన ప్రమేయాలు, సమీకరణ వ్యవస్థలు ఉంటాయి, కొన్ని కాలేజీల్లో మాత్రికలు, శ్రేఢులు కూడా చేరతాయి. వీటిలో రెండు చరరాశులలో రేఖీయ సమీకరణాలు, వర్గ సమీకరణాలు, బహుపదులు, శ్రేఢులు ఆమె పదో తరగతిలో చదివినవే. సంవర్గమానాలు ఇంటర్ రసాయనశాస్త్రంలో పీహెచ్ లెక్కలు చేసినప్పుడు చేతికి వచ్చినవే. ప్రమేయాల రేఖాచిత్రాలు, అకరణీయ ప్రమేయాలు, మాత్రికలు మాత్రమే ఆమెకు నిజంగా కొత్త. ఆ కొత్త వాటికి నిలకడగా సమయం ఇస్తే వస్తాయి. వీసా పనులు, ప్రయాణపు ఏర్పాట్లు, ఇంట్లో వేలం హడావుడి అన్నీ కలిసిన వేసవిలో వారానికి ఇరవై ఏడు గంటలు చొప్పున కుదించి చదివితే రావడం కష్టం. వేగపు కోర్సులో మరో ఇబ్బంది కూడా ఉంది. పూర్తి రుసుము తిరిగి ఇచ్చే గడువు కొద్ది రోజుల్లోనే ముగిసిపోతుంది, అమ్మాయికి పాఠం అందడం లేదని తెలిసేసరికి డబ్బు వెనక్కి వచ్చే దారి మూసుకుపోయి ఉంటుంది. ఎలాగో సి తెచ్చుకుని గట్టెక్కినా, ప్రజారోగ్యంలో స్టాటిస్టిక్స్ ఒక సెమిస్టరుతో వదిలిపోయేది కాదు, వ్యాధుల వ్యాప్తి అధ్యయనమంతా దాని మీదే నిలబడుతుంది. ఆల్జీబ్రా బలహీనంగా ఉండి స్టాటిస్టిక్స్ తప్పితే, రుసుము క్రెడిట్ల వారీదైన చోట ఆ కోర్సును మళ్లీ చదవడానికి అయ్యే ఖర్చు మీరు ఇప్పుడు మిగుల్చుకోవాలనుకున్న దానికి సమానమవుతుంది.

కన్సల్టెన్సీ వారి కాగితంలో కనిపించని దారి ఒకటి ఉంది, మీరు ముందుగా దానినే ప్రయత్నించాలి. చాలా విశ్వవిద్యాలయాలు కొత్తగా చేరేవారికి గణితంలో ఏ స్థాయి కోర్సులో చేర్చాలో తేల్చే ప్లేస్‌మెంట్ పరీక్ష పెడతాయి. ఆలెక్స్ అనే పరీక్ష వాటిలో బాగా వాడుకలో ఉంది, గరిష్ఠంగా 30 ప్రశ్నలు, వందకు మార్కులు, ఎంత వస్తే ఏ కోర్సులో చేరవచ్చో విశ్వవిద్యాలయమే నిర్ణయిస్తుంది. తగిన మార్కు వస్తే కాలేజీ ఆల్జీబ్రా చదవకుండానే నేరుగా స్టాటిస్టిక్స్‌లో కూర్చోనిస్తారు. దీనివల్ల మూడు క్రెడిట్లు రావు, కానీ ఆమెకు కావలసినది ఆ దారి తెరుచుకోవడమే అయితే దాదాపు ఖర్చు లేకుండా పని జరుగుతుంది. క్రెడిట్ కూడా కావాలంటే కాలేజ్ బోర్డు అనే అమెరికా సంస్థ నిర్వహించే, కోర్సులో చేరకుండానే క్రెడిట్ తెచ్చుకునే క్లెప్ పరీక్షల్లో కాలేజీ ఆల్జీబ్రా ఒకటి. తొంభై నిమిషాల పరీక్ష, 20 నుంచి 80 వరకు ఉండే స్కోరులో 50 వస్తే మూడు క్రెడిట్లు ఇవ్వవచ్చునని సిఫార్సు. దాని రుసుము ఒక కోర్సు రుసుముతో పోలిస్తే చాలా స్వల్పం. దీనికీ విశ్వవిద్యాలయం ముందుగా ఒప్పుకోవాలి. అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయం వంటివి చిన్న ప్రవేశ రుసుముతో ఆన్‌లైన్ కోర్సులో చేర్చుకుని, గ్రేడు చూసుకున్న తరువాత క్రెడిట్ కావాలనుకుంటేనే మిగిలిన రుసుము కట్టించుకునే పద్ధతిని కూడా నడుపుతున్నాయి. తండ్రిగా మీకు నచ్చవలసిన పద్ధతి ఇది, ఎందుకంటే నష్టం వచ్చే డబ్బు చాలా తక్కువ. ఏ దారిలో వెళ్లినా చదువుకోవడానికి ఖాన్ అకాడమీ పాఠాలు, రైస్ విశ్వవిద్యాలయానికి చెందిన ఓపెన్‌స్టాక్స్ వారి పాఠ్యపుస్తకం ఉచితంగా దొరుకుతాయి. ఒంగోలులోనో నెల్లూరులోనో ఎంపీసీ విద్యార్థులకు గణితం చెప్పే అధ్యాపకుడి దగ్గర రెండు నెలలు ట్యూషన్ పెట్టించినా మీకు లక్ష ఖర్చు కాదు.

ప్యాకేజీ ధరలోకి వస్తే, మీ కాగితం ప్రకారం ఆ కాలేజీ రుసుము 540 డాలర్లు, అంటే 48,600 రూపాయలు. మీరే కార్డుతో కడితే విదేశీ మారక రుసుము 3.5 శాతం, దానిపై 18 శాతం జీఎస్టీ కలిసి సుమారు 2,000 రూపాయలు అదనంగా పడుతుంది. అప్పటికీ మొత్తం సుమారు 50,600 మాత్రమే. మిగిలిన 59,400 రూపాయలు దేనికని అడిగితే, కాగితంలో ‘నమోదు సహాయం, అసైన్‌మెంట్లు, పరీక్షల సహాయం’ అని ఉంది. నమోదు అమ్మాయే చేసుకోగలదు. పరీక్షల సహాయం అన్న మాట నన్ను నిజంగా కలవరపెట్టింది. ఒకరి పని మరొకరు చేసిపెట్టడం అమెరికా కాలేజీల్లో తీవ్రమైన తప్పు. ఆన్‌లైన్ పరీక్షల్లో కెమెరా నిఘా, పాస్‌పోర్టుతో గుర్తింపు పరిశీలన ఉంటాయి. పట్టుబడితే క్రెడిట్ పోవడమే కాదు, ఆ మచ్చ ఆమె చేరబోయే విశ్వవిద్యాలయం దాకా వెళుతుంది, అక్కడి నుంచి తొలగిస్తే ఎఫ్-1 హోదా కూడా నిలవదు. దయచేసి ఆ సేవను ఏ ధరకూ కొనవద్దు.

డిపాజిట్ మాట. ఆ నాలుగు లక్షలు మీరు ఐ-20 (విద్యార్థి వీసాకు విశ్వవిద్యాలయం ఇచ్చే పత్రం) కోసం విశ్వవిద్యాలయానికి చూపిన నిధుల్లో భాగమని ఉత్తరంలో మరోచోట రాశారు. కాబట్టి వీసా ఇంటర్వ్యూ ముగిసే వరకు దానిని కదిలించవద్దు. హైదరాబాదులోనైనా చెన్నైలోనైనా కాన్సులేటు అధికారి ఆ నిధులు ఎక్కడున్నాయని అడిగితే చూపించగలగాలి. వేలం డబ్బు వచ్చేలోగా యాభై వేలు నిజంగా అవసరమైతే బ్యాంకులో బంగారం మీద తీసుకోవచ్చు. ఏడాదికి 10 శాతం చొప్పున నాలుగు నెలలకు వడ్డీ 1,700 రూపాయల లోపే. అదే సొమ్మును ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే 4,000 అవుతుంది. విడిగా చేసే ఇటువంటి కోర్సు రుసుము సాధారణంగా విద్యా రుణంలో కలవదు. భారతదేశంలోని విద్యాసంస్థల్లో పూర్తికాలపు చదువుకు మాత్రమే వర్తించే ఆదాయపు పన్ను ట్యూషన్ మినహాయింపు దీనికి రాదు. విదేశాలకు పంపే సొమ్ము ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటితేనే టీసీఎస్ (సొమ్ము పంపేటప్పుడే వసూలు చేసే పన్ను) పడుతుంది, విద్యా రుణంతో పంపితే అదీ లేదు. కనుక ఆ విషయమై ఈ కోర్సు గురించి ఆందోళన అక్కరలేదు.

ఈ వారమే అమ్మాయి చేత ఆ ఈమెయిల్ రాయించండి, అదే రోజు నుంచి రోజుకు రెండు గంటల చొప్పున ఉచిత పాఠాలు మొదలుపెట్టించండి. ప్లేస్‌మెంట్‌లో దారి తెరుచుకుంటే ఒక్క రూపాయి కూడా కట్టనవసరం లేదు. తెరుచుకోకపోయినా, రుసుము ఏకమొత్తమని విశ్వవిద్యాలయం చెబితే, అక్కడికి వెళ్లాక మొదటి సెమిస్టరులోనే పదిహేను వారాల పాటు నిదానంగా ఆల్జీబ్రా చదివించండి. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులకు గణితంలో ఉచితంగా సహాయం చేసే కేంద్రాలు సాధారణంగా ఉంటాయి. రుసుము క్రెడిట్ల వారీదని, ఆ కోర్సు తప్పనిసరి గణితానికి సమానమని రెండూ రాతపూర్వకంగా వస్తే మాత్రం ఐదు వారాల దానిలో కాక ఎనిమిది వారాల కోర్సులో అమ్మాయే స్వయంగా, పాస్‌పోర్టులో ఉన్న పేరుతో నమోదు చేసుకోవాలి, రుసుము మీ కార్డు నుంచి నేరుగా కాలేజీకే కట్టాలి. మీ కార్డులో విదేశీ చెల్లింపులు ఆపి ఉంటే ముందు బ్యాంకు యాప్‌లో వాటిని తెరవండి, కట్టడం పూర్తయ్యాక మళ్లీ మూసివేయండి.