సిమెంటు బ్లాకు: బిల్లులో ఒక కొలత, టేపులో ఒక కొలత ఎందుకు?

ప్రశ్న: ఇంటి వెనక గదికి 16×8×6 సాలిడ్ బ్లాకులు తెప్పించాను. టేపు పెడితే పొడవు పదిహేనున్నర అంగుళాలు కూడా లేదు, ఎత్తు ఏడున్నరే. మోసపోయానా? 100 చదరపు అడుగుల గోడకి ఎన్ని పడతాయి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మోసం కాదండీ. సిమెంటు బ్లాకుల భారతీయ ప్రమాణం ఐఎస్ 2185లో మీ 16×8 అంగుళాలకి ఉండే 400×200 మి.మీ. పేరుకి చెప్పే కొలత. అందులో 10 మి.మీ. మాలు జాయింటు కలిసే ఉంటుంది. బ్లాకు అసలు కొలత 390×190. మీ టేపు చూపించింది అదే. పొడవులో 5, ఎత్తులో, మందంలో 3 మి.మీ. అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. అంతకు మించితే వెనక్కి పంపండి.

చిక్కంతా మందంతోనే. ప్రమాణం ప్రకారం 150 మి.మీ. (మీ 6 అంగుళాలు) అంటే అసలు 140. కొందరి అచ్చులు మాత్రం నిండు 150 ఉంటాయి. రెండు చోట్ల సరుకు ఒకే గోడలో కలిపితే ఒక వైపు సమంగా వచ్చినా, రెండో వైపు ఎగుడుదిగుడై ప్లాస్టరింగు మందం పెరుగుతుంది. పైగా ఒకరు 16×8×6 అంటారు, ఇంకొకరు 6×8×16 అంటారు. అందుకే ఆర్డరులో ‘గోడ మందం ఇంత’ అని విడిగా రాయించండి.

జాయింటుతో కలిపి ఒక్కో బ్లాకు 0.08 చదరపు మీటరు. అంటే చదరపు మీటరుకి 12.5, మీ 100 చదరపు అడుగులకి 116. విరిగేవాటికి ఇంకో ఐదారు కలుపుకోండి. తలుపులు, కిటికీల ఖాళీలు ముందే తీసేయాలి.

లింటెల్ (తలుపు, కిటికీ పైన వేసే కాంక్రీటు దూలం) 2100 మి.మీ. దగ్గర వస్తే పది వరసలకి 2000 అవుతుంది. మిగిలిన 100కి మేస్త్రీలు ఎర్ర ఇటుక ముక్కలు పేరుస్తారు. ఒప్పుకోకండి, రెండు రకాల సరుకు కలిసిన చోటే ప్లాస్టరింగు చీలుతుంది. 100 ఎత్తు బ్లాకులు ఒక వరసకి సరిపడా అడగండి.

ప్రశ్న: కట్టే ముందు వీటిని ఇటుకల్లా నానబెట్టాలా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: వద్దమ్మా. నీళ్లు తాగిన సిమెంటు బ్లాకు గోడలో ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది, జాయింట్ల వెంట మెట్లు మెట్లుగా బీట పడుతుంది. మాలు తగిలే అంచుల్ని కాస్త తడిపితే చాలు. పోసిన తేదీ అడగండి: 14 రోజులు క్యూరింగు, ఆపైన నాలుగు వారాలు ఆరబెట్టడం కావాలి. అనుమానముంటే ఒకటి పగలగొట్టండి. లోపల ముదురు రంగులో చెమ్మగా కనిపిస్తే ఆ లోడు ఇంకా ఆరాలి.