ఇంగ్లీషు సందేహాలు: ‘నుంచి’ ఒక్కటే, ‘సిన్స్’, ‘ఫర్’ రెండు

ప్రశ్న: నేను రైసు మిల్లులో గుమస్తాను. వేరే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంటూ ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్’ అని రాస్తే, ఇంటర్ చదివే మా అబ్బాయి అందులో రెండు తప్పులున్నాయన్నాడు. అవి ఏమిటో దయచేసి చెప్పండి. (మిర్యాలగూడ పాఠకుడు)

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమే. ‘ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్’ అని రాయాలి. అయితే మీరు ఇంగ్లీషు రాక ఈ తప్పు చేయలేదు. తెలుగు వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి దించడం వల్ల చేశారు. మనం ‘2016 నుంచి’ అంటాం, ‘పదేళ్ళ నుంచి’ అనీ అంటాం. మొదటిది పని ఎప్పుడు మొదలైందో చెబుతుంది, రెండోది ఎంతకాలం సాగిందో చెబుతుంది. తెలుగులో రెండింటికీ ‘నుంచి’ సరిపోతుంది కానీ, ఇంగ్లీషులో మొదలైన సమయానికి ‘సిన్స్’, సాగిన కాలానికి ‘ఫర్’ వాడాలి.

ఏది ఎక్కడ వాడాలో తేల్చుకోవడానికి తెలుగులోనే ఒక ఉపాయం ఉంది. ‘నుంచి’ తీసేసి ఆ చోట ‘గా’ పెట్టి చూడండి. ‘పదేళ్ళుగా పనిచేస్తున్నాను’, ‘మూడు రోజులుగా జ్వరం’, ‘చాలా కాలంగా తెలుసు’ అన్నప్పుడు వాక్యం చక్కగా నిలిచింది కాబట్టి అక్కడ ‘ఫర్’ రావాలి. ‘సోమవారంగా జ్వరం’, ‘చిన్నప్పటిగా తెలుసు’ అని ఎవరూ అనరు కాబట్టి అక్కడ ‘సిన్స్’ రావాలి. ఈ పరీక్ష ఒకసారి అలవాటైతే సూత్రం బట్టీ పట్టే అవసరమే ఉండదు.

రెండో తప్పు క్రియలో ఉంది. ఎప్పుడో మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి మనకు ‘చేస్తున్నాను’ అన్న వర్తమానం చాలు. ఇంగ్లీషులో మాత్రం గతాన్నీ వర్తమానాన్నీ కలిపే ‘హావ్ బీన్’, ‘హాజ్ బీన్’ వంటి రూపాలు తప్పనిసరి. ఉమ్మడి నల్లగొండ నుంచి విడిపోయిన సూర్యాపేట గురించి రాయాలంటే, ‘సూర్యాపేట ఈజ్ ఎ డిస్ట్రిక్ట్ సిన్స్ 2016’ అనకూడదు, ‘హాజ్ బీన్ ఎ డిస్ట్రిక్ట్ సిన్స్ 2016’ అనాలి.

ప్రశ్న: ‘మైగ్రేట్’, ‘ఎమిగ్రేట్’, ‘ఇమిగ్రేట్’ మూడింటికీ వలస అనే అర్థం చెబుతున్నాను. పిల్లలు తేడా అడిగితే తడబడుతున్నాను. (నారాయణపేట ఉపాధ్యాయురాలు)

జవాబు: పాలమూరు పిల్లలకు వలస అంటే ఏమిటో మనం చెప్పనక్కరలేదు, వారి ఇళ్ళలోనే ఆ కథ ఉంటుంది. అక్కడి నుంచే పాఠం మొదలుపెట్టండి. పనికోసం ముంబయికో పుణెకో వెళ్ళిన కుటుంబం దేశం దాటలేదు కాబట్టి దానికి ‘మైగ్రేట్’ సరైన మాట. దుబాయి వెళ్ళి అక్కడే ఉండిపోయిన మనిషి మన వైపు నుంచి చూస్తే వలస పోయినవాడు, అంటే ‘ఎమిగ్రంట్’. అక్కడివారి వైపు నుంచి చూస్తే వలస వచ్చినవాడు, అంటే ‘ఇమిగ్రంట్’. మనిషి ఒక్కడే, చూసే గడప మారింది. తెలుగులో ‘పోవు’, ‘వచ్చు’ అనే క్రియలు చూపే ఈ తేడాను ఇంగ్లీషు మాట మొదటి అక్షరాల్లోనే చూపిస్తుంది. ‘ఎక్స్‌పోర్ట్’ ఎగుమతి, ‘ఇంపోర్ట్’ దిగుమతి అని గుర్తుచేస్తే పిల్లలు ఇక మరచిపోరు.

పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టుల్లో సాధారణంగా కనిపించే ‘ఈసీఆర్’ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్, అంటే వలస తనిఖీ అవసరం) అన్న మూడక్షరాల్లో మొదటిది ‘ఎమిగ్రేషనే’. విమానాశ్రయంలో మాత్రం వెళ్ళేవారినీ వచ్చేవారినీ ‘ఇమిగ్రేషన్’ కౌంటర్లోనే తనిఖీ చేస్తారు. చాలామందికి అనుమానం అక్కడే మొదలవుతుంది.

ప్రశ్న: మా ఊళ్ళో అందరం ‘ఫ్లోరిన్ నీళ్ళు’ అంటాం, కాగితాల్లో ‘ఫ్లోరైడ్’ అని ఉంటుంది. ఏది ఒప్పు? అలాగే ‘అఫెక్ట్’, ‘ఎఫెక్ట్’ల తేడా కూడా చెప్పండి. (మర్రిగూడ మండలం నుంచి డిగ్రీ విద్యార్థి)

జవాబు: కాగితాల్లో ఉన్నదే ఒప్పు. ఫ్లోరిన్ ఒక మూలకం, విడిగా ఉన్నప్పుడు వాయువు. నీటిలో కరిగి ఉండేది ఫ్లోరైడ్. దానివల్ల వచ్చే జబ్బు ఫ్లోరోసిస్. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీటివనరు లేనప్పుడు మాత్రమే 1.5 వరకు అనుమతిస్తారు. వంగిన నడుములను, వంకర తిరిగిన కాళ్ళను కళ్ళారా చూసిన జిల్లా మనది. అధికారులకు ఇచ్చే అర్జీలో ఈ మాట సరిగ్గా ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ఇక ‘అఫెక్ట్’ సాధారణంగా క్రియ, ‘ఎఫెక్ట్’ నామవాచకం. ‘ఫ్లోరైడ్ అఫెక్ట్స్ ద బోన్స్’ అనాలి. మనం ‘ఎముకల మీద ప్రభావం చూపుతుంది’ అంటాం కాబట్టి, ఆ ‘మీద’ను కూడా తీసుకెళ్ళి ‘అఫెక్ట్స్ ఆన్ ద బోన్స్’ అని రాసేస్తుంటాం. ‘ఆన్’ కావాలంటే ‘ఎఫెక్ట్’ వాడి, ‘ద ఎఫెక్ట్ ఆఫ్ ఫ్లోరైడ్ ఆన్ ద బోన్స్’ అనాలి. ‘గురించి చర్చించడం’ కాస్తా ‘డిస్కస్ అబౌట్’ అయ్యేదీ ఇలాగే. అక్కడ ‘అబౌట్’ అక్కరలేదు.

ప్రశ్న: ‘యెస్టర్‌డే నైట్’ అనకూడదా? (వనపర్తి పాఠకురాలు)

జవాబు: అంటే అర్థమవుతుంది కానీ, వాడుకలో ఉన్నది ‘లాస్ట్ నైట్’. నిన్న ఉదయాన్ని, నిన్న మధ్యాహ్నాన్ని మాత్రం ‘యెస్టర్‌డే మార్నింగ్’, ‘యెస్టర్‌డే ఆఫ్టర్‌నూన్’ అనే అనండి.